సర్పెంటినైట్‌ను చదవడం ఎలా: కనిగిరి గుట్టల నుంచి సబ్డక్షన్ లోతుల దాకా

ఎండాకాలం సెలవులు అయ్యాక ఎవరో ఒక విద్యార్థి కనిగిరి వైపు నుంచో, ఉదయగిరి వైపు నుంచో ఒక ఆకుపచ్చ రాయి తెచ్చి నా బల్ల మీద పెడతాడు. "సార్, ఇది సర్పెంటినైటేనా?" అని అడుగుతాడు. చాలాసార్లు కాదనే చెప్పాల్సి వస్తుంది. ఒకటి యాంఫిబొలైట్ (వేడికి మారిన బసాల్ట్ రాయి) అయి ఉంటుంది, ఇంకొకటి ఎపిడోట్ పట్టిన రాయి, మరొకటి క్రోమియం మైకా వల్ల పచ్చబడిన క్వార్ట్‌జైట్. గరిమెనపెంట పాత రాగి గుంతల దగ్గర ఏరిన ముక్కైతే అది ఉత్త రాగి చిలుమే.

అయినా వాళ్ల ఆశకు కారణం ఉంది. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని కండ్ర రాళ్లను సుమారు 185 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు అడుగు ముక్కలుగా, అంటే ఓఫియోలైట్‌గా గుర్తిస్తూ 2010లో పరిశోధన వచ్చింది. కనిగిరి దగ్గర అలాంటిదే, కానీ ముక్కలు ముక్కలుగా కలగాపులగమైన గుంపును 2011లో వర్ణించారు. అక్కడి గాబ్రో (లోతులో మాగ్మా గట్టిపడిన రాయి) వయసు దాదాపు 133 కోట్ల ఏళ్లు. ఓఫియోలైట్ అనగానే దాని అడుగున మాంటిల్ (భూమి పైపెంకు కింది పొర) రాయి, ఆ రాయిని నీరు మార్చితే వచ్చే సర్పెంటినైట్ గుర్తుకు రావడం సహజం. దొరికిన రాయి నిజంగా సర్పెంటినైటేనా, అయితే అది ఏ సముద్రపు నీటిని తాగింది, సబ్డక్షన్‌లో, అంటే ఒక భూఫలకం ఇంకో ఫలకం కిందికి దిగేటప్పుడు, ఎంత లోతుకు వెళ్లొచ్చింది అన్నవి తేల్చే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. మొదటి రెండు అడుగులకు బకెట్టు, సూదంటురాయి, కొంచెం ఓపిక చాలు. తర్వాతివాటికి ల్యాబ్ కావాలి.

ఒక మాట ముందే చెప్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఈ రాయిలో ఒక్కో మూలకానికి ఒక్కో సంఘటనే జ్ఞాపకం. నికెల్‌ను పట్టుకుని నీటి సంగతి అడిగినా, బోరాన్‌ను పట్టుకుని మాంటిల్ సంగతి అడిగినా జవాబు రాదు. వచ్చినా అది తప్పు జవాబే.

మొదటి అడుగు: రాయి నడిచిన దారి తెలుసుకోండి

మాంటిల్‌లో ముఖ్యమైన రాయి పెరిడొటైట్. అందులో ఎక్కువ భాగం ఆలివిన్, కొంత పైరాక్సిన్. దీనికి నీరు తగిలితే ఆలివిన్ సర్పెంటైన్‌గానూ, బ్రూసైట్‌గానూ మారిపోతుంది. ఆలివిన్‌లోని ఇనుములో కొంత మాగ్నెటైట్ అవుతుంది, ఆ సమయంలో నీటి నుంచి హైడ్రోజన్ వాయువు విడుదలవుతుంది. సర్పెంటైన్ ఖనిజంలో బరువు ప్రకారం సుమారు 13 శాతం నీరే. కిలో రాయిలో ఒక చిన్న గ్లాసు నీళ్లు దాగున్నాయన్నమాట. చేతికి తడి తగలదు, ఖనిజం అల్లికలోనే ఆ నీరు ఇరుక్కుని ఉంటుంది.

నీరు తగిలే చోట్లు ముఖ్యంగా రెండు. సముద్రం అడుగున, మధ్య సముద్రపు గట్ల దగ్గరా, సబ్డక్షన్‌లోకి దిగబోతూ ఫలకం వంగి పగుళ్లిచ్చే చోటా సముద్రపు నీరు లోపలికి ఇంకుతుంది. ఇది మొదటిది. రెండో చోట నీరు కింది నుంచి వస్తుంది. దిగే ఫలకం మీది బురద, బసాల్ట్ వేడెక్కి వదిలే నీరు పైనున్న మాంటిల్ ముక్కలోకి ఎక్కుతుంది. ఈ రెండో రకాన్ని మరియానా కందకం దగ్గర నేరుగా చూడొచ్చు. అక్కడ సముద్రం అడుగున సర్పెంటినైట్ బురద కక్కే కొండలున్నాయి. 1989లో కోనికల్ సీమౌంట్‌ను, 2001లో సౌత్ చమొరో సీమౌంట్‌ను డ్రిల్లింగ్ నౌకతో తొలిచారు. పైకొచ్చిన ద్రవం పీహెచ్ 12.5 దాకా ఉంది, సున్నపు తేట కన్నా తక్కువేమీ కాదు.

ఫలకంతో పాటు దిగే సర్పెంటినైట్‌కు లోతు పెరిగే కొద్దీ రూపం మారుతుంది. తక్కువ వేడిలో లిజార్డైట్, క్రిసొటైల్ ఉంటాయి. సుమారు 300 నుంచి 390 డిగ్రీల మధ్య అవి యాంటిగొరైట్‌గా మారతాయి. ఇంకా దిగి 600 నుంచి 700 డిగ్రీల దగ్గరకు చేరితే యాంటిగొరైట్ విరిగి మళ్లీ ఆలివిన్, పైరాక్సిన్, క్లోరైట్ అవుతుంది, దాచుకున్న నీటిలో పెద్ద వాటా వదిలేస్తుంది. స్పెయిన్‌లోని సెర్రో దెల్ అల్మిరెస్‌లో ఈ విరిగిన గీతను కొండ మీద నడుస్తూ దాటొచ్చు. ఒకవైపు యాంటిగొరైట్ రాయి, రెండోవైపు నీరు పోగొట్టుకున్న రాయి. అలా ఫలకం వదిలిన నీరు పైమాంటిల్ కరిగే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది, ఆ మాగ్మాయే అగ్నిపర్వతాల వరుస అవుతుంది. మనకు దగ్గర్లో ఉదాహరణ అండమాన్‌లోని బ్యారెన్ ఐలాండ్. 2004 డిసెంబరు 26న కొత్తపట్నం, మైపాడు తీరాలను కొట్టిన సునామీ పుట్టింది కూడా ఆ సబ్డక్షన్ వరుసలోనే, సుమత్రా దగ్గర. నెల్లూరు గుట్టల్లో వెతికేది అలాంటి వ్యవస్థ తాలూకు ముసలి శవాన్ని, అండమాన్‌లోది ఇంకా ఊపిరాడుతున్నది.

రెండో అడుగు: గుట్ట మీదే అనుమానం తీర్చుకోండి

అసలు సర్పెంటినైట్ ఎలా ఉంటుందో చేతితో పట్టి తెలుసుకోకుండా వెతకడానికి వెళ్లకండి. ఇందుకు లడఖ్ దాకా పోనక్కర్లేదు. ఒంగోలులోనో నెల్లూరులోనో మార్బుల్ షాపుకి వెళ్లి రాజస్థాన్ గ్రీన్ మార్బుల్ విరిగిన ముక్క ఒకటి అడగండి. ఉదయపూర్ జిల్లా రిఖబ్‌దేవ్ వైపు నుంచి వచ్చే ఆ రాయి పేరుకే మార్బుల్, నిజానికి సర్పెంటినైట్. మన చీమకుర్తి గెలాక్సీ "గ్రానైట్" కూడా గ్రానైట్ కాదు, గాబ్రో జాతి రాయి. రాళ్ల వ్యాపారంలో పేర్లకు అంతకు మించి విలువ ఇవ్వకూడదు.

ఆ ముక్కను తడిపి హ్యాండ్ లెన్స్‌తో చూడండి. ముదురు ఆకుపచ్చ మీద లేతపచ్చ, తెలుపు నరాలు వల అల్లినట్టు కనిపిస్తాయి. పాలిష్ లేని వైపు వేలితో రాస్తే సబ్బు పట్టుకున్నట్టు జారుతుంది. చాకుతో గీస్తే గీత పడుతుంది, గోటితో మామూలుగా పడదు. గోటికే పొడి రాలితే అది టాల్క్ ఎక్కువున్న బలపపు రాయి. దారానికి కట్టిన చిన్న సూదంటురాయిని దగ్గరకు తెస్తే చాలా ముక్కల్లో అది రాయి వైపు ఊగుతుంది, అది మాగ్నెటైట్ పని. ఇవేవీ ఒంటరిగా సాక్ష్యం కావు. యాంఫిబొలైట్‌లో కూడా మాగ్నెటైట్ ఉండొచ్చు.

నాకు బాగా నమ్మకమైన పరీక్ష బకెట్టు. లగేజీ తూచే చేతి త్రాసుకు, గ్రాముల్లో చూపేదైతే మంచిది, రాయిని సన్న నూలుతో వేలాడదీయండి. గాలిలో బరువు రాసుకోండి. తర్వాత అలాగే వేలాడదీసి బకెట్టు నీళ్లలో పూర్తిగా ముంచండి, అడుగు తగలకూడదు, అంచు తగలకూడదు. మళ్లీ బరువు రాసుకోండి. గాలిలో 780 గ్రాములు, నీళ్లలో 480 గ్రాములు వచ్చాయనుకుందాం. తేడా 300. 780ని 300తో భాగిస్తే 2.6. నీరు పూర్తిగా పట్టిన సర్పెంటినైట్ సాంద్రత ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అదే 780 గ్రాముల రాయి నీళ్లలో 520 తూగితే తేడా 260, సాంద్రత 3.0. అది యాంఫిబొలైట్ అయ్యే అవకాశం ఎక్కువ. మారని పెరిడొటైట్ అయితే 3.3 దగ్గర తూగుతుంది. సగం మారిన రాయి మధ్యలో ఎక్కడో ఆగుతుంది, కాబట్టి ఈ ఒక్క అంకెతో ఎంత శాతం మారిందో కూడా స్థూలంగా అంచనా వేయొచ్చు. క్వార్ట్‌జైట్ సాంద్రత కూడా 2.65 దగ్గరే ఉంటుంది కదా అని మీకు అనుమానం రావాలి. దానికి జవాబు చాకు, క్వార్ట్‌జైట్ మీద చాకు గీత పడదు.

ఒక హెచ్చరిక. నరాల్లో పట్టు దారాల్లా మెరిసే పీచు కనిపిస్తే అది క్రిసొటైల్, అంటే రాతినార. దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. సుత్తి దెబ్బ వేసే ముందు రాయిని తడపండి, సరైన మాస్క్ పెట్టుకోండి, ముక్కను జిప్ కవర్‌లో మూసి పెట్టండి, ఆ బట్టలు విడిగా ఉతకండి. మార్బుల్ షాపు ముక్కను ఇంట్లో గ్రైండర్‌తో కోయొద్దు.

కనిపించిన సర్పెంటైన్ అంతా మాంటిల్ నుంచి రాదు, మరిచిపోకండి. పక్క కడప జిల్లాలో పులివెందుల వైపు వేంపల్లె డోలమైట్‌లోకి (మెగ్నీషియం ఉన్న సున్నపురాయి లాంటిది) డోలరైట్ మాగ్మా చొచ్చుకుపోయిన అంచుల్లో సర్పెంటైన్, రాతినార పుట్టాయి. అక్కడ మెగ్నీషియం ఇచ్చింది డోలమైట్, మాంటిల్ కాదు. కంటికి రెండూ ఒకటే. తేల్చేది నికెల్, క్రోమియం. మాంటిల్ నుంచి వచ్చిన రాయిలో ఒక్కొక్కటీ సుమారు 2,000 పీపీఎం (పది లక్షల వంతుల్లో 2,000), ఆ పైన కూడా ఉంటాయి. డోలమైట్ సంతానంలో అంత ఉండే మాటే లేదు.

మూడో అడుగు: నమూనా

బయటి పొరను నమ్మకండి. మన ఎండకూ వానకూ రాయి పైభాగంలో మెగ్నీషియం కడుక్కుపోతుంది, తెల్లటి మాగ్నెసైట్, సిలికా నరాలు అల్లుకుంటాయి. లోపలి తాజా ముక్క కనీసం కిలో తీసుకోండి. తెల్ల నరం మీద డైల్యూట్ యాసిడ్ చుక్క వేయండి. వెంటనే పొంగితే కాల్సైట్. చల్లటి యాసిడ్‌కు మాగ్నెసైట్ పెద్దగా స్పందించదు, గీకి పొడి చేసి చూడాలి. ఈ నరాలు కలిస్తే కాల్షియం, స్ట్రాన్షియం అంకెలు పాడవుతాయి. జీపీఎస్ పాయింటు, పక్క రాయి ఏమిటి, రెంటి మధ్య అంచు ఎలా ఉంది, ఫోటో. అంచు గురించి రాసుకోకపోతే తర్వాత ఎన్ని లక్షల మెషీన్ అయినా దాన్ని చెప్పలేదు. బయల్దేరే ముందు జియలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో ఆ ప్రాంతపు మ్యాపు చూసుకోండి, ఉచితమే.

నాలుగో అడుగు: పల్చటి ముక్క కింద

థిన్ సెక్షన్, అంటే వెలుగు దూరేంత పల్చగా అరగదీసిన ముక్క, మైక్రోస్కోప్ కింద చూడకుండా పొడి కొట్టకండి. వల అల్లిక కనిపిస్తే లిజార్డైట్ దశ, ఒకదాన్నొకటి కోసుకుంటున్న కత్తుల్లా ఉంటే యాంటిగొరైట్ దశ. రెండూ ఉంటే ఏది దేన్ని కోస్తోందో బొమ్మ గీసుకోండి. కంటికి అంతుపట్టకపోతే లేజర్ కాంతితో ఖనిజాన్ని గుర్తించే రామన్ స్పెక్ట్రమ్ తేలుస్తుంది, ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో లిజార్డైట్‌నూ క్రిసొటైల్‌నూ విడదీయడం కష్టం. ఎర్రగోధుమ రంగు క్రోమియం స్పినెల్ గింజలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోండి, వాటితో పని ఉంది.

ఐదో అడుగు: పొడి కొట్టడంలో పోయే పరువు

ఇక్కడ నా సొంత తప్పు చెప్తాను. మొదటిసారి పంపిన ఆరు నమూనాల్లో క్రోమియం అసాధారణంగా ఎక్కువొచ్చింది. వారం రోజులు ఆనందంగా తిరిగాను, క్రోమైట్ పొర దొరికిందేమోనని. తీరా చూస్తే ఆ ల్యాబ్‌లో పొడి కొట్టింది క్రోమ్ స్టీల్ మిల్లులో. మిల్లు అరిగి నా రాయిలో కలిసింది. టంగ్‌స్టన్ కార్బైడ్ మిల్లు అయితే టంగ్‌స్టన్, కోబాల్ట్, టాంటలం కలుస్తాయి. అగేట్ గిన్నె అడగండి. నెమ్మదిగా అవుతుంది, టెన్షన్ ఉండదు.

రెండో ఇబ్బంది కరిగించడం. స్పినెల్ గింజ మామూలు తెరిచిన బీకర్లో హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్ యాసిడ్లకు సులువుగా లొంగదు. అడుగున నల్ల రేణువులు మిగిలాయంటే మీ క్రోమియం అక్కడే కూర్చుంది. మూసిన పాత్రలో ఒత్తిడితోనో, ఫ్లక్స్‌తో కరిగించో చేయాలి. బోరాన్ కావాలంటే దారే వేరు. బోరోసిలికేట్ గాజు పాత్ర ముట్టకూడదు, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో బోరాన్ ఆవిరైపోయే ప్రమాదం ఉంది. ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేలతో మూలకాలు కొలిచే పద్ధతి) కోసం చేసే గాజు బిళ్లలో కలిపేదే లిథియం బోరేట్, దాంట్లో లిథియం, బోరాన్ వెతకడం హాస్యాస్పదం.

మీ నమూనాలతో పాటు తెలిసిన ప్రమాణ రాయి కూడా అదే వరుసలో నడిపించమని అడగండి. ఫ్రాన్స్ సర్పెంటినైట్ యూబీ-ఎన్, అమెరికా పెరిడొటైట్ పీసీసీ-1, జపాన్ పెరిడొటైట్ జేపీ-1 ఇందుకు వాడతారు. బసాల్ట్ ప్రమాణం ఒక్కటే పెట్టి సరిపెట్టుకుంటే చాలదు. సర్పెంటినైట్‌లో రేర్ ఎర్త్‌లు (లాంథనం నుంచి లుటీషియం దాకా ఉన్న మూలకాలు) అతి తక్కువ, ఐసీపీ-ఎంఎస్ మెషీన్ కొలవగల అడుగంచు దగ్గరే తారాడుతుంటాయి.

ఆరో అడుగు: ఎల్‌ఓఐ, పెద్ద మూలకాలు

పొడిని సుమారు 1,000 డిగ్రీల దగ్గర కాల్చితే తగ్గే బరువే ఎల్‌ఓఐ. సర్పెంటినైట్‌లో ఇది 10 నుంచి 15 శాతం ఉంటుంది. ఇదంతా నీరే అనుకోవద్దు, మాగ్నెసైట్ ఉంటే కార్బన్ డయాక్సైడ్ కూడా పోతుంది. ఇంకో మెలిక, కాలుతున్నప్పుడు ఫెర్రస్ ఇనుము ఆక్సిజన్ పట్టుకుని బరువెక్కుతుంది. ప్రతి 1 శాతం ఫెర్రస్ ఆక్సైడ్‌కు 0.11 శాతం పెరుగుతుంది. మీ రాయిలో అది 3 శాతం ఉంటే ఎల్‌ఓఐ నిజానికన్నా 0.33 తక్కువ చూపిస్తుంది.

లెక్క అలవాటు కోసం కొన్ని అంకెలు వేసుకుందాం, ఏ గుట్టవీ కావు. సిలికా 39.2, అల్యూమినా 0.6, మొత్తం ఇనుము 7.9, మెగ్నీషియం ఆక్సైడ్ 38.1, కాల్షియం ఆక్సైడ్ 0.1, చిల్లర 0.8, ఎల్‌ఓఐ 12.9. కూడితే 99.6. ఎల్‌ఓఐ తీసేస్తే 86.7. ఒక్కో అంకెనూ 86.7తో భాగించి 100తో గుణిస్తే నీరు లేని రాయి వస్తుంది: సిలికా 45.2, మెగ్నీషియం ఆక్సైడ్ 43.9, అల్యూమినా 0.69. వేరే రాళ్లతో పోల్చేది ఈ అంకెలనే.

అసలు చూడాల్సినవి రెండు నిష్పత్తులు, వాటికి పై తిప్పలు కూడా అక్కర్లేదు, ఎలా తీసినా ఒకటే వస్తాయి. అల్యూమినాను సిలికాతో భాగిస్తే 0.015. కరిగిన మాగ్మా మాంటిల్ నుంచి ఎంత పిండుకుపోయిందో ఇది చెప్తుంది. 0.03 కంటే తక్కువంటే బాగా పిండేసిన రాయి, దిగే ఫలకానికి పైనున్న మాంటిల్ ముక్కల్లో ఇది మామూలు. మధ్య సముద్రపు గట్ల రాళ్లలో సాధారణంగా ఇంకొంచెం ఎక్కువ. రెండోది, మెగ్నీషియం ఆక్సైడ్‌ను సిలికాతో భాగిస్తే 0.97. ఇంతగా పిండేసిన తాజా మాంటిల్ రాయిలో ఇది 1 దాటి ఉండాలి. ఇక్కడ తగ్గిందంటే మెగ్నీషియం కడుక్కుపోయిందా, సిలికా వచ్చి చేరిందా అని అడగాలి. థిన్ సెక్షన్‌లో టాల్క్ కనిపిస్తే రెండోది, గోధుమ రంగు మట్టి పట్టి ఉంటే మొదటిది. చూశారా, అంకె ప్రశ్న మాత్రమే వేసింది. జవాబు కోసం రాయి దగ్గరకే తిరిగి వెళ్లాం.

ఏడో అడుగు: ఏ మూలకానికి ఏది గుర్తుంది

మాంటిల్ జ్ఞాపకం మొండి మూలకాల్లో ఉంటుంది. నికెల్, క్రోమియం, అల్యూమినియం, భారీ రేర్ ఎర్త్‌లు, ముఖ్యంగా ఇటర్బియం, నీటికి అంతగా లొంగవు. స్పినెల్ గింజ మరీ మొండిది. మైక్రోప్రోబ్‌తో (సన్న ఎలక్ట్రాన్ కిరణంతో చిన్న చుక్కను కొలిచే మెషీన్) దాని మధ్యభాగంలో క్రోమియాన్ని క్రోమియం, అల్యూమినియంల మొత్తంతో భాగించండి. మధ్య సముద్రపు గట్ల రాళ్లలో ఇది సాధారణంగా 0.6 దాటదు, దిగే ఫలకం పై మాంటిల్‌లో 0.8 దాకా కూడా పోతుంది. గింజ అంచు కొలిస్తే పరువు పోతుంది, అంచు తర్వాతి వేడికి మారి ఇనుము పట్టి ఉంటుంది.

తేలిక రేర్ ఎర్త్‌లు ఇబ్బంది పెడతాయి. రేర్ ఎర్త్‌లను తేలికవాటి నుంచి భారీవాటి దాకా వరుసగా వేసిన గ్రాఫు ఎడమ చివర పైకి లేచి ఇంగ్లీషు అక్షరం యూ లాగా కనిపిస్తే, అది నీటి పనని చాలామంది తొందరపడతారు. సర్పెంటినైట్ కాకముందే మాంటిల్ గుండా మాగ్మా పాకి వాటిని వదిలి ఉండొచ్చు. థోరియం, నియోబియం కూడా వాటితో కలిసి లేస్తే నాకు మాగ్మా మీదే అనుమానం, ఎందుకంటే ఆ రెండూ నీటితో అంత తేలిగ్గా కదలవు.

నీటి జ్ఞాపకం బోరాన్, క్లోరిన్, యురేనియం, ఆర్సెనిక్, యాంటిమొనీ, సీజియం, లిథియం, సీసం, స్ట్రాన్షియంలలో ఉంటుంది. మాంటిల్‌లో ఒక పీపీఎంలో చిన్న వంతు కూడా లేని బోరాన్, సముద్రపు నీరు తాగిన సర్పెంటినైట్‌లో పదుల పీపీఎం ఉంటుంది. ఏ నీరన్నది తేల్చడానికి జంటలుగా చూడాలి. యురేనియం బాగా పెరిగి, సీజియం, రుబీడియం అంతగా పెరగకపోతే సముద్రపు నీటి వైపు మొగ్గండి. సీజియం, రుబీడియం, ఆర్సెనిక్, యాంటిమొనీ ముందుకొస్తే దిగే ఫలకం మీది బురద వదిలిన నీటి వాసన. లడఖ్ త్సో మొరారి దగ్గరి యాంటిగొరైట్ సర్పెంటినైట్లలో ఆర్సెనిక్, యాంటిమొనీ పెరగడాన్ని పరిశోధకులు ఇలాగే చదివారు. బోరాన్ ఐసోటోపులు దొరికితే ఇంకా మంచిది. సముద్రపు నీటి విలువ ప్లస్ 39.6 పర్ మిల్ (ప్రమాణంతో పోలిస్తే వెయ్యికి ఇన్ని వంతుల తేడా), మాంటిల్‌ది మైనస్ 7 దగ్గర. ఇంత దూరంలో ఉన్నాయి కాబట్టే అది పనికొచ్చే కొలబద్ద.

లోతు జ్ఞాపకం మాత్రం పోయినవాటిలో ఉంటుంది. లిజార్డైట్ యాంటిగొరైట్‌గా మారేటప్పుడే బోరాన్, క్లోరిన్‌లో చాలా భాగం జారిపోతాయి. కాబట్టి యాంటిగొరైట్ రాయిలో బోరాన్ తక్కువ ఉంటే "దీనికి సముద్రం తగల్లేదు" అని రాయకండి. తగిలి, దిగి, వదిలేసి ఉండొచ్చు. అందుకే థిన్ సెక్షన్ ముందు చూడమన్నాను.

ఎనిమిదో అడుగు: మన గుట్టలకు ఇది ఎంత వర్తిస్తుంది

నెల్లూరు షిస్ట్ బెల్ట్ (పొరలు పొరలుగా చీలే రాళ్ల పట్టీ) రాళ్లలో చాలావరకు సముద్రం అడుగు నుంచి వచ్చిన రూపంలో మిగల్లేదు. తర్వాతి వేడికి బసాల్ట్ యాంఫిబొలైట్ అయింది. గూడూరు, సైదాపురం వైపు పెగ్మటైట్లు (పెద్ద పెద్ద స్ఫటికాలున్న గ్రానైట్ లాంటి రాళ్లు) చొచ్చుకొచ్చి మన జిల్లాకు పేరు తెచ్చిన కాకిబంగారం, అదే మైకా, ఇచ్చాయి. ఇలాంటి చోట పాత సర్పెంటినైట్ ఉన్నా అది టాల్క్, ట్రెమొలైట్, క్లోరైట్ షిస్ట్‌గా మారి ఉండొచ్చు, పచ్చగా మెరుస్తూ మీకోసం కూర్చోదు. దాని పక్కన పెగ్మటైట్ ఉంటే సీజియం, రుబీడియం, లిథియం అక్కడి నుంచే రావచ్చు. వాటితో సబ్డక్షన్ కథ రాస్తే పెగ్మటైట్ కథనే రాసినట్టు. అటువంటి రాయిలో నేనైతే నికెల్, క్రోమియం, ఇటర్బియం, స్పినెల్ మధ్యభాగం వరకే మాట్లాడతాను. బోరాన్ అసలు కొలిపించను, డబ్బు దండగ.

కిలో రాయిలో సగమే పొడి చేయించండి. మిగిలిన సగానికి నంబరు వేసి, ఏ వైపు పైకి ఉండేదో పర్మనెంట్ మార్కర్‌తో బాణం గీసి, తేదీ రాసి అట్టపెట్టెలో పెట్టండి. ఆ ఆరు నమూనాల్లో నాలుగింటిని రెండోసారి చేయించగలిగింది సగం ముక్కలు మిగిలి ఉండబట్టే. మిగతా రెండింటి కోసం మళ్లీ గుట్ట ఎక్కాల్సి వచ్చింది, అప్పటికి ఒకచోట కంకర క్వారీ పడింది.